పడటం నేర్పిన పొట్టి మాస్టారు

2024 మే నెలలో అబుదాబిలో ప్రపంచ జూడో పోటీలు జరిగాయి. అంతకు ముందు సంవత్సరం, 2023 మేలో, అవే పోటీలు దోహాలో జరిగాయి. అబుదాబి పోటీల రోజుల్లో ఒక సాయంత్రం డ్యూటీ దిగి, స్నానాలు చేసి, మెస్సులో పళ్ళేలు పట్టుకుని కూర్చున్నాం. టీవీలో ఛానెళ్ళు తిప్పుతుంటే ఈ ఆట తగిలింది. తెల్ల బట్టల్లో ఒకడు, నీలం బట్టల్లో ఒకడు. కాలర్లు పట్టుకుని ఇటు లాగుతున్నారు, అటు తోస్తున్నారు. చూస్తుండగానే ఒకడు గిర్రున తిరిగి రెండోవాణ్ణి నడుం మీదుగా లేపి వెల్లకిలా పడేశాడు. రిఫరీ చెయ్యి నిటారుగా పైకెత్తి ఇప్పోన్ అని కేకేశాడు. అంతే, ఆట అయిపోయింది. నాలుగు నిమిషాల ఆట అర నిమిషంలో ముగిసింది.

మా పక్కన కూర్చున్నది నిజామాబాద్ తమ్ముడు. క్రేన్ కింద నిలబడి చేత్తో సైగలు చేసే పని అతనిది. ఆ చెయ్యి ఎత్తడం చూసి, ఇదేదో మన సైగలాగే ఉంది, ఇప్పోన్ అంటే ఏంటన్నా అని అడిగాడు. మేము డిప్లొమా చదివాం కాబట్టి అన్నీ తెలుసని క్యాంపులో ఒక నమ్మకం. నిజం చెప్పాలంటే మాకు తెలీదు. జూడోకి, కరాటేకి తేడా కూడా సరిగ్గా తెలీదు. ఆ ఒక్క మాట పట్టుకుని కొన్ని సెలవు రోజులు కూర్చుని తెలుసుకుంటూ పోతే, దాని వెనకాల ఒక మనిషి జీవితం బయటపడింది. ఆయన పేరు జిగొరో కానో. పహిల్వాన్ కాదు, బడి పంతులు. ఆయన కథ మన గల్ఫ్ సోదరులకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాం.

ఒకటి అనే మాట

ముందు తమ్ముడి ప్రశ్నకు జవాబు. మనం తెలుగులో వస్తువుల్ని రెండు, మూడు అని లెక్కపెడతాం. మనుషుల్ని మాత్రం ఇద్దరు, ముగ్గురు అంటాం. మూడు మేస్త్రీలు వచ్చారు అంటే వినడానికే బాగుండదు. జపాన్ వాళ్ళు ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్ళారు. కాగితం లాంటి పల్చటి వాటికి ఒక లెక్క మాట, పుస్తకాలకు ఒకటి, పొడుగ్గా సన్నగా ఉండేవాటికి ఇంకొకటి. ఈ పొడుగు వాటికి వాడే మాట హోన్. పెన్సిలు, గొడుగు, సీసా, చెట్టు అన్నిటికీ ఇదే. మా సైటులో ఇనుప కడ్డీలు లెక్కపెట్టాలన్నా వాళ్ళు ఈ మాటే వాడతారు. ఒకటికి వాళ్ళ మాట ఇచి. ఇచి, హోన్ కలిసినప్పుడు మన సంధుల్లాగే శబ్దం మారి ఇప్పోన్ అవుతుంది.

కత్తిసాములోనూ, పట్ల విద్యల్లోనూ పూర్తిగా తగిలిన ఒక దెబ్బనీ, పూర్తిగా పడిన ఒక పట్టునీ వాళ్ళు ఈ మాటతోనే లెక్కపెట్టారు. అంటే ఇప్పోన్ అన్నది ఏదో మంత్రం కాదు. ఒకటి, నిండు ఒకటి, అంతే. ఇప్పుడు మామూలు మాటల్లో కూడా జపాన్ వాళ్ళు దీన్ని వాడతారు. వాదనలో ఎవరైనా నోరు మూయించే మాట అంటే, నా దగ్గర ఇప్పోన్ కొట్టేశావు అని ఒప్పుకుంటారు.

ఇప్పోన్ తర్వాత వచ్చేది వజా-అరి. వజా అంటే పట్టు లేక నైపుణ్యం, అరి అంటే ఉంది. పట్టు ఉంది గానీ నిండుగా పడలేదు అని అర్థం. ఇలాంటివి రెండు కలిస్తే ఒక ఇప్పోన్. అంతకంటే చిన్నది యూకో, అంటే చెల్లుతుంది అని. రిఫరీ చెయ్యి నిటారుగా పైకెత్తితే ఇప్పోన్, భుజం ఎత్తున పక్కకు చాపితే వజా-అరి, కిందికి ఏటవాలుగా చూపిస్తే యూకో. మా సిగ్నల్‌మన్ తమ్ముడు ఈ మూడూ ఒక్కసారికే నేర్చేసుకున్నాడు.

మికాగే నుంచి టోక్యోకి

కానో 1860లో మికాగే అనే ఊళ్ళో పుట్టారు. ఇప్పుడది కోబే నగరంలో భాగం. బియ్యంతో చేసే సాకే అనే సారాకి ఆ ప్రాంతం పేరు పొందింది. వాళ్ళ ఇంటివాళ్ళది కూడా అదే వ్యాపారం. తండ్రి మాత్రం ఆ వ్యాపారం వదిలి ప్రభుత్వ పనుల్లోకి వెళ్ళారు. కానోకి పదేళ్ళు నిండకముందే తల్లి చనిపోయింది. 1871లో తండ్రి వెంట టోక్యో చేరారు.

అప్పుడు జపాన్ మొత్తం తిరగబడుతున్న కాలం. 1868లో పాత పాలన పోయి మేజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చింది. 1876లో సమురాయ్‌లు నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించారు. రైళ్ళు, కోట్లు, ఇంగ్లీషు చదువులు వచ్చాయి. తండ్రి కొడుకుని ఇంగ్లీషులో పాఠాలు చెప్పే బళ్ళో వేశారు. చదువులో పిల్లవాడు ముందుండేవాడు, ఒంట్లో మాత్రం వెనకబడ్డాడు. పెద్దయ్యాక కూడా ఆయన ఎత్తు అయిదడుగుల రెండంగుళాల చిల్లరే. హాస్టల్లో బలంగా ఉన్న పిల్లలు పట్టుకుని ఏడిపించేవారు, కొట్టేవారు. కొత్త ఊళ్ళో, తల్లి లేని పిల్లవాడు ఎవరికి చెప్పుకుంటాడు?

బలం లేనివాడు కూడా బలవంతుణ్ణి పడగొట్టే విద్య ఒకటుందని అతను విన్నాడు. దాని పేరు జుజుట్సు. ఇంటికి వచ్చేపోయే ఒక పెద్దమనిషికి అది తెలుసు. నేర్పమంటే, ఈ రోజుల్లో ఇలాంటివి నీకెందుకని ఆయన కొట్టిపారేశాడు. తండ్రి కూడా ఒప్పుకోలేదు. కత్తులే పోయాక ఈ పాత విద్యలకు విలువ ఎక్కడిది? గురువులు అన్నం పుట్టక వేరే పనులు చూసుకుంటున్నారు.

ఎముకలు కట్టే గురువులు

1877లో కానో టోక్యో విశ్వవిద్యాలయంలో చేరారు. ఇప్పుడు తనంతట తాను వెతుక్కోవచ్చు. ఎలా వెతకాలి? ఆయన ఒక ఉపాయం చేశారు. జుజుట్సు నేర్పిన పాతవాళ్ళలో చాలామంది విరిగిన ఎముకలు కట్టి బతుకుతున్నారు. మన పుత్తూరు కట్టు వైద్యుల లాంటివాళ్ళన్నమాట. కాబట్టి ఎముకల వైద్యుల ఇళ్ళకు వెళ్ళి, మీకు జుజుట్సు వచ్చా అని అడగడం మొదలుపెట్టారు. అలా ఒకాయన చూపించిన దారిలో ఫుకుదా హచినోసుకె అనే గురువు దొరికారు.

ఫుకుదా గారి గది చిన్నది, శిష్యులు కొద్దిమంది. ఒకసారి ఆయన వేసిన పట్టు కానోకి అర్థం కాలేదు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాలు ఎక్కడ వెయ్యాలి అని అడిగారు. గురువు వివరించకుండా ఇంకోసారి పడేశాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పడేశాడు. పడీ పడీ నేర్చుకోవడమే అక్కడి పాఠం. సైటులో పాత మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న ఎవరికైనా ఈ పద్ధతి తెలుసు. అడిగితే చెప్పరు, చూసి పట్టుకోవాలి. కానో పంతులయ్యాక ఈ పద్ధతిని మార్చి, ఏ పట్టు ఎందుకు పడుతుందో కారణం చెప్పి నేర్పారు.

అక్కడే ఒక సీనియర్ ఉండేవాడు, బాగా లావు మనిషి. ఎంత ప్రయత్నించినా కానో అతన్ని కదిలించలేకపోయేవారు. సుమో పట్లు చూశారు, గ్రంథాలయానికి వెళ్ళి విదేశీ కుస్తీ పుస్తకాలు తిరగేశారు. మనిషిని అడ్డంగా భుజాల మీద వేసుకుని లేపే పట్టు ఒకటి కనిపించింది. అది సాధన చేసి వెళ్ళి, ఆ లావు మనిషిని ఎత్తి పడేశారు. ఆ పట్టు జూడోలో కతా-గురుమా అనే పేరుతో స్థిరపడిపోయింది. మంచిది ఎక్కడున్నా తీసుకోవాలనే బుద్ధి అప్పటికే ఉంది.

1879 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ జపాన్ వచ్చినప్పుడు ఆయన ముందు జుజుట్సు ప్రదర్శన ఇచ్చారు. కానో కూడా అందులో ఉన్నారు. కొద్ది రోజులకే ఫుకుదా గారు చనిపోయారు. తర్వాత ఇసో అనే గురువు దగ్గర చేరితే, 1881లో ఆయనా పోయారు. మూడో గురువు ఈకుబో, ఇంకో సంప్రదాయం. రెండేళ్ళలో ఇద్దరు గురువులు పోయినా కానో వదల్లేదు. రెండు మూడు చోట్ల నేర్చినందువల్లే ఆయనకు ఎక్కడేది మంచిదో, ఏది ప్రమాదమో పోల్చి చూడటం వచ్చింది.

ఈకుబో గారితో సాధన చేసే రోజుల్లో కానోకి అసలు రహస్యం దొరికింది. నిటారుగా నిలబడ్డ మనిషిని తొయ్యాలంటే బలం కావాలి. అదే మనిషి ఒక పక్కకు ఒరిగి ఉంటే వేలితో తోసినా పడతాడు. కాబట్టి ముందు తూకం తప్పించాలి, తర్వాతే పట్టు వెయ్యాలి. దీన్ని వాళ్ళు కుజుషి అంటారు. మా పనిలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. తూకం గుండుకి తేడా వచ్చిన గోడను ఎవరూ తొయ్యక్కర్లేదు, అదే చూసుకుంటుంది.

పన్నెండు చాపల గుడి

1882లో కానోకి ఇరవై ఒక్కేళ్ళు. టోక్యోలో ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో కొంత చోటు తీసుకుని సొంత బడి పెట్టారు. నేల మీద పరిచింది పన్నెండు తతామి చాపలు. ఒక్కో చాప ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లెక్కన చూస్తే అంతా కలిపి రెండు వందల చదరపు అడుగులు దాటి కొంచెం. మన క్యాంపు గది కంటే మరీ పెద్దదేం కాదు. శిష్యులు తొమ్మిది మంది. బడి పేరు కొడోకాన్, అంటే దారిని అభ్యసించే శాల.

తాను నేర్పేదాన్ని జుజుట్సు అనకుండా జూడో అన్నారు. జు అంటే మెత్తదనం, లొంగుబాటు. ఎదుటివాడి బలానికి ఎదురు నిలబడకుండా ఒదిగి దాన్నే వాడుకోవడం. జుట్సు అంటే విద్య, కిటుకు. డో అంటే దారి. కిటుకు నేర్చుకుని ఊరుకోకుండా దాన్ని బతికే దారిగా చేసుకోవాలని ఆయన ఉద్దేశం. కళ్ళు పొడవడం, వేళ్ళు విరవడం లాంటి ప్రమాదమైన పట్లను పోటీ సాధనలోంచి తీసేశారు. ఈ రోజు కొట్టుకుని రేపు మంచమెక్కితే ఎవడు నేర్చుకుంటాడు?

గుడిలో మనుషులు దబ్బుదబ్బున పడుతుంటే భవనం అదిరేదట. పూజ గదిలో పెట్టిన పితృదేవతల పేర్ల పలకలు కింద పడేవని చెబుతారు. పూజారులు గొణిగితే పొరుగిల్లు చూసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఎన్నో చోట్లకు మారారు. జీతం చాలదు. పగలు గకుషుయిన్ అనే పెద్దింటి పిల్లల బళ్ళో పాఠాలు చెప్పడం, సాయంత్రం జూడో నేర్పడం. ఇంట్లో ఉండి నేర్చుకునే పిల్లల తిండి కూడా ఆయనే చూసుకునేవారు. 1883లో ఇద్దరు శిష్యులకు, తొమితా, సాయ్‌గో అనేవాళ్ళకు, మొదటి డాన్ ఇచ్చారు. పహిల్వాన్ల స్థాయిని ఇలా మెట్లుగా పెట్టడం ఆయన నుంచే యుద్ధ విద్యలన్నిటికీ పాకింది. ఈ రోజు మన ఊళ్ళలో కరాటే నేర్చుకునే పిల్లవాడు బ్లాక్ బెల్ట్ కోసం కలలు కంటున్నాడంటే, ఆ నల్ల పట్టీ మొదలైంది కొడోకాన్‌లోనే.

1880ల మధ్యలో టోక్యో పోలీసు శాఖ ఏర్పాటు చేసిన పోటీల్లో కొడోకాన్ శిష్యులు పాత జుజుట్సు వాళ్ళని బాగా ఓడించారు. అక్కణ్ణుంచి పేరు పెరిగింది. సరిగ్గా ఆ కాలంలోనే మన శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో కోడి రామ్మూర్తి నాయుడు గారు పుట్టి పెరుగుతున్నారు. ఆయన గుండె మీద ఏనుగుని నిలబెట్టుకున్న బలశాలి. కానో దారి వేరు. బలం తక్కువ ఉన్నవాడికి ఏం చెయ్యాలో చెప్పడం ఆయన పని.

ముందు పడటం, తర్వాత పడెయ్యడం

కొడోకాన్‌లో చేరినవాడికి మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపని చరుస్తూ పడాలి. ఆ చరుపుతో దెబ్బ ఒళ్ళంతా పంచుకుపోతుంది. దీన్ని ఉకెమి అంటారు. వెనక్కి, పక్కకి, ముందుకి, రోజుల తరబడి ఇదే. మా దగ్గర ఎత్తు మీద పనికి కొత్తగా వచ్చినవాడికి ముందు బెల్టు తగిలించుకోవడం నేర్పి, ఆ తర్వాతే పని చెబుతాం. పడనని అనుకునేవాడికంటే, పడితే ఏమవుతుందో తెలిసినవాడే జాగ్రత్తగా ఉంటాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పడేసేవాడికీ బాధ్యత ఉంది. 1889లో కానో యూరప్ వెళ్ళి, 1891లో ఓడలో తిరిగొస్తున్నారు. ఓడలో ఒక భారీ రష్యన్ ఆయన్ని ఆట పట్టించి కుస్తీకి దిగాడని చెబుతారు. కానో అతన్ని ఎత్తి పడేశారు. పడేస్తూనే అతని తల డెక్ మీద కొట్టుకోకుండా చెయ్యి అడ్డం పెట్టారట. చూసినవాళ్ళు పడెయ్యడం కంటే ఆ చెయ్యి పెట్టడాన్నే ఎక్కువ చెప్పుకున్నారు.

ఇప్పోన్ నియమం చదివితే ఈ కథ గుర్తొస్తుంది. వీపు మీద పడాలి, వేగంగా పడాలి, బలంగా పడాలి. ఈ మూడింటితో పాటు, పడేసినవాడు చివరిదాకా అదుపు తప్పకూడదు. ఏదో తోసేస్తే వాడు పడ్డాడంటే అది ఇప్పోన్ కాదు.

పాయింట్ల లెక్క ఎలా పుట్టింది

పాత రోజుల్లో ఒక్కో జుజుట్సు సంప్రదాయానికి ఒక్కో పద్ధతి. ఎవడు ఓడాడో తేల్చడానికి దెబ్బలు తగలాల్సిందే. 1899లో క్యోటోలోని యుద్ధ విద్యల సంఘం, బుటొకుకాయ్, అందరికీ ఒకే నియమాలు రాయడానికి ఒక కమిటీ వేసింది. దానికి కానోనే పెద్ద. పాత సంప్రదాయాల గురువులందరినీ కూర్చోబెట్టి ఒప్పించాలి. శిష్యుల్ని ఓడించడం కంటే కష్టమైన పని అది.

అప్పటి లెక్కలో ఒక పోటీకి రెండు ఇప్పోన్‌లు కావాలి. మూడింట్లో రెండు ఎవరు తెచ్చుకుంటే వాళ్ళు గెలిచినట్టు. నిండుగా పడని పట్టుకి వజా-అరి. తర్వాతి కాలంలో ఒక్క ఇప్పోన్‌తోనే ఆట ముగిసే పద్ధతి స్థిరపడింది. 1970ల్లో అంతర్జాతీయ సమాఖ్య యూకో, కోకా అనే చిన్న పాయింట్లు కలిపింది. టీవీ వాళ్ళకీ, కొత్త ప్రేక్షకులకీ లెక్క ఎక్కువైంది. చిన్న పాయింటు ఒకటి కొట్టేసి, మిగతా సమయమంతా తప్పించుకు తిరిగే ఆటగాళ్ళూ తయారయ్యారు. 2008 చివరితో కోకా తీసేశారు. 2017లో యూకో కూడా తీసేశారు. 2025లో యూకోని మళ్ళీ తెచ్చారు. నేల మీద అదిమి పట్టుకున్నా పాయింట్లున్నాయి. 2025 నియమాల ప్రకారం అయిదు సెకన్లకు యూకో, పది సెకన్లకు వజా-అరి, ఇరవై సెకన్లు కదలనివ్వకపోతే ఇప్పోన్. ఎన్ని మార్చినా, వందేళ్ళు దాటినా, ఇప్పోన్, వజా-అరి మాత్రం కదల్లేదు.

పరాయి పిల్లల పంతులు

కానో అసలు ఉద్యోగం చదువు చెప్పడం. కుమామొటోలో ఒక ఉన్నత పాఠశాలకి, తర్వాత చాలా ఏళ్ళు టోక్యోలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. వ్యాయామాన్ని చదువులో భాగం చెయ్యడానికి గట్టిగా పాటుపడ్డారు.

1896లో చైనా నుంచి పదమూడు మంది విద్యార్థులు జపాన్ వచ్చారు. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధం జరిగి ఏడాదే అయింది. చైనా ఓడింది. వీధుల్లో ఆ పిల్లల్ని చూసి, వాళ్ళ జడలు చూసి వెక్కిరించేవాళ్ళు ఉన్నారు. తిండి పడక, ఎగతాళి పడలేక కొంతమంది వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పిల్లల బాధ్యత కానోకి అప్పగించారు. ఆయన ఇల్లు చూసి, భాష నేర్పించి, చదివించారు. 1902లో వాళ్ళ కోసమే కోబున్ గకుయిన్ అనే బడి నడిచింది. వేల మంది చైనా విద్యార్థులు అందులో చదివారు. చైనా గొప్ప రచయిత లూ షున్ కూడా జపాన్‌లో మొదట చదివింది అక్కడే. హాస్టల్లో దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక పరాయి దేశపు పిల్లలకు హాస్టల్ కట్టాడు. పరాయి దేశంలో ఉండి ఇది చదువుతుంటే మాకు ఇక్కడే కొంచెంసేపు ఆగాలనిపించింది.

ఆడవాళ్ళకూ నేర్పారు. 1893లోనే మొదటి శిష్యురాలు చేరింది. 1926లో కొడోకాన్‌లో ఆడవాళ్ళ విభాగం పెట్టారు. మన దేశానికీ ఒక తీగ ఉంది. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మీద కొడోకాన్ నుంచి తకగాకి షిన్‌జో అనే గురువు శాంతినికేతన్ వచ్చి అక్కడి పిల్లలకు జూడో నేర్పారు.

1922లో కానో తన విద్య సారాన్ని రెండు సూత్రాలుగా చెప్పారు. ఒకటి, ఉన్న శక్తిని వృథా చెయ్యకుండా సరైన చోట వాడటం. రెండోది, నువ్వూ ఎదుటివాడూ కలిసి బాగుపడటం. రెండోది వినడానికి నీతి పాఠంలా ఉంటుంది గానీ, చాప మీద అది పచ్చి నిజం. నీకు పట్టు నేర్పడానికి ఎవడో ఒకడు రోజుకు వంద సార్లు పడాలి. వాడి ఒళ్ళు నువ్వు కాపాడకపోతే రేపు నీకు తోడు ఉండదు.

ఒలింపిక్స్ కల

1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యుడయ్యారు. ఆసియా ఖండం నుంచి మొదటి సభ్యుడు ఆయనే. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌కి జపాన్ మొదటిసారి వెళ్ళింది. ఆటగాళ్ళు ఇద్దరే. పరుగుల వీరుడు మిషిమా, మారథాన్ కనకురి. ఎండ దెబ్బకి కనకురి దారిలో పడిపోయి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. 1967లో స్వీడన్ వాళ్ళు ముసలి కనకురిని పిలిచి, ఆ పరుగు పూర్తి చేయించారు. 54 ఏళ్ళ పైచిలుకు పట్టిన మారథాన్ అది. పడినవాడి ఆట అక్కడితో అయిపోలేదన్నమాట.

ఒలింపిక్స్‌ని ఆసియాకి తేవాలని కానో ముసలితనంలో ఓడలెక్కి దేశాలు తిరిగారు. 1936 జూలైలో బెర్లిన్‌లో ఓటింగ్ జరిగింది. టోక్యోకి 36, హెల్సింకీకి 27. 1940 ఒలింపిక్స్ టోక్యోకి వచ్చాయి. ఆసియా నేల మీద మొదటి ఒలింపిక్స్.

1937లో జపాన్ చైనాతో మళ్ళీ యుద్ధానికి దిగింది. ఏ దేశపు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించారో ఆ దేశం మీదే. యుద్ధం చేసే దేశంలో ఒలింపిక్స్ ఏంటని బయటివాళ్ళు అడిగారు. యుద్ధ సమయంలో ఆటలకి ఖర్చేంటని లోపలివాళ్ళు అడిగారు. 1938 మార్చిలో కైరోలో కమిటీ సమావేశం. కానోకి 77 ఏళ్ళు. ఈజిప్టు దాకా వెళ్ళి, అందరినీ ఒప్పించి, ఒలింపిక్స్ టోక్యోలోనే ఉండేలా నిలబెట్టారు.

చివరి ఓడ

తిరుగు ప్రయాణం అమెరికా మీదుగా. కెనడాలోని వాంకూవర్‌లో హికావా మారు అనే ఓడ ఎక్కారు. పసిఫిక్ సముద్రం మీద జబ్బు చేసింది. న్యుమోనియా. 1938 మే 4న ఓడలోనే పోయారు. మే 6న ఓడ యోకొహామా రేవు చేరింది. ఇంకో రెండు రోజులు బతికి ఉంటే సొంత నేల చూసేవారు.

ఈ రెండు రోజుల సంగతి క్యాంపులో చెప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. ఎందుకో మన వాళ్ళకు చెప్పక్కర్లేదు. సెలవు పాసై, టికెట్ చేతికొచ్చి, పిల్లలకు చాక్లెట్లు, అమ్మకు దుప్పటి కొని పెట్టె సర్దుకుని, ఆ పెట్టెతో కాకుండా ఇంకో పెట్టెలో ఇల్లు చేరినవాళ్ళు ప్రతి క్యాంపులోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. మా గదిలోనూ ఒక మంచం అలా ఖాళీ అయింది. పేరు రాయడం లేదు, వాళ్ళింట్లో చదివి మళ్ళీ బాధపడతారు.

కానో పోయిన రెండు నెలలకే, 1938 జూలైలో, జపాన్ ఒలింపిక్స్‌ని వదులుకుంది. హెల్సింకీకి ఇచ్చారు, రెండో ప్రపంచ యుద్ధంతో అక్కడా జరగలేదు. ఆయన చివరి ప్రయాణం దేనికోసమో అది లేకుండా పోయింది. పాయింట్ల లెక్కలో చూస్తే ఆ మనిషి ఓడిపోయాడు.

గురువు గారి మనవరాలు

కానీ ఆట అక్కడ ఆగలేదు. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆసియాలో మొదటివి. జూడోని మొదటిసారి చేర్చారు. బరువు పరిమితి లేని విభాగం ఫైనల్లో జపాన్ వాడు కమినాగాని నెదర్లాండ్స్ వాడు గీసింక్ నేల మీద అదిమి పట్టి ఇప్పోన్‌తో గెలిచాడు. జపాన్ జనం సొంత గడ్డ మీద ఏడ్చారు. సంబరంతో చాప మీదికి ఉరికిన తన దేశం వాళ్ళని గీసింక్ చెయ్యెత్తి ఆపేశాడు. పడినవాడి ముందు గెంతులు వద్దని. ఆరడుగుల ఆరంగుళాల ఆ పరాయి దేశస్థుడు, అయిదడుగుల మాస్టారి పాఠం సరిగ్గానే నేర్చుకున్నాడు.

ఇంకొకరి సంగతి చెప్పి ముగిస్తాం. మొదటి గురువు ఫుకుదా గారు పోయినా కానో ఆయన్ని మర్చిపోలేదు. 1930ల్లో ఆయన మనవరాలు కేకోని పిలిచి జూడో నేర్చుకోమన్నారు. ఆమె కూడా అయిదడుగుల లోపు మనిషే. 1935లో చేరింది. తర్వాత అమెరికా వెళ్ళి, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడి, జీవితాంతం నేర్పుతూనే ఉంది. ఆడమనిషి అని దాదాపు ఇరవై ఏళ్ళు అయిదో డాన్ దగ్గరే ఆపేశారు. 1972లో గానీ ఆరోది ఇవ్వలేదు. 2011లో అమెరికా జూడో సంస్థ ఆమెకు పదో డాన్ ఇచ్చింది. 2013లో, 99 ఏళ్ళ వయసులో ఆమె కన్ను మూసింది. వైద్యుడి చిన్న గదిలో తాను పడ్డ దెబ్బల బాకీని కానో అలా తీర్చుకున్నారనిపిస్తుంది.

హికావా మారు ఓడ ఇప్పటికీ యోకొహామా రేవులో మ్యూజియంగా ఉంది. టికెట్ కొని ఎక్కి చూడొచ్చు.

మా సిగ్నల్‌మన్ తమ్ముడికి ఇదంతా రెండు మూడు రాత్రుల్లో చెప్పాం. చివర్లో అతను అడిగింది ఒకటే, పడటం మనకూ నేర్పుతారా అని. ఒక సెలవు రోజు క్యాంపు వెనక ఇసకలో పాత దుప్పట్లు పరిచి ప్రయత్నించాం. గడ్డం ఛాతీకి, తల పైకి, చెయ్యి నేల మీద చరుపు. అందరం బాగా పడ్డాం. లేచాక నవ్వుకుని, దుప్పట్లు దులిపి, రేపటి షిఫ్ట్‌కి నిద్రపోయాం.